కంప్యూటర్ ప్రత్యర్థిపై చదరంగం: ఓపెనింగుల ఎంపిక

చదరంగంలో తొలి పది పదిహేను ఎత్తులలో ఇరుపక్షాలూ పావులను బయటికి తీసి, రాజును భద్రమైన మూలకు చేర్చి, బల్ల నడిమి గడులపై పట్టు సంపాదించుకొనే దశను ఓపెనింగ్ అంటారు. తరతరాల ఆటలో నలిగి, పేర్లు తెచ్చుకొని, పుస్తకాలకెక్కిన ఓపెనింగులు వందల సంఖ్యలో ఉన్నాయి. బెల్‌గ్రేడ్ కేంద్రంగా రూపొందిన ఓపెనింగుల విజ్ఞాన సర్వస్వం వాటిని ఎ00 మొదలు ఇ99 వరకు 500 సంకేతాల కింద వర్గీకరించింది. ఎదుటి ఆటగాడు మనిషి అయినప్పుడు వీటిలో దేనిని ఎంచుకోవాలన్నది చాలావరకు అతని అలవాట్లు, జ్ఞాపకశక్తి, ఆనాటి మనఃస్థితి, టోర్నమెంటులో అతనికి గెలుపు కావాలా డ్రా చాలునా అన్న సంగతులను బట్టి తేలుతుంది. ఎదుట ఉన్నది కంప్యూటర్ అయితే ఈ లెక్కలలో సగం పనికిరాకుండా పోతాయి. అది అలసిపోదు, కొత్త ఎత్తు చూసి కంగారుపడదు, కిందటి ఆటలో ఓడినందుకు పంతం పట్టదు. అందువల్ల యంత్రంపై ఓపెనింగ్ ఎంచుకోవడమంటే ఫలానా ఎత్తుల వరుసను ఎంచుకోవడం కన్నా, ఆ వరుస ఎటువంటి నడి ఆటకు దారితీస్తుందో, ఆ నడి ఆటలో ఆ యంత్రపు ఆలోచనా పద్ధతి ఎక్కడ కుంటుపడుతుందో చూసి ఎంచుకోవడమే అవుతుంది. యంత్రాల ఆలోచనా పద్ధతి గత అరవై ఏళ్లలో పలుమార్లు మారింది గనుక, ఒక కాలంలో గెలిపించిన సలహా తరువాతి కాలంలో ఓడించే సలహాగా మారిన ఉదాహరణలు ఈ రంగంలో కొల్లలు.

ఈ వ్యాసంలో మంత్రి అన్నది పాశ్చాత్య చదరంగంలో రాణిగా పిలిచే పావు. ఏనుగు మూల గడులలో మొదలై నిలువుగా, అడ్డంగా నడిచేది. శకటు ఐమూలగా నడిచేది. నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 వరకు అంకెలు గుర్తులు కాగా, ఉత్త గడి పేరు మాత్రమే రాసినచోట కదిలింది బంటు అని గ్రహించాలి.

యంత్రం తొలి ఎత్తులను వేసే తీరు

తెల్లపావులకు మొదటి ఎత్తుగా 20 అవకాశాలుంటాయి; ఎనిమిది బంట్లు ఒక్కొక్కటి ఒక గడి గాని రెండు గడులు గాని జరగగలవు, గుర్రాలు రెండూ చెరి రెండు గడులకు దూకగలవు. నల్లపావులు బదులు చెప్పేసరికి ఆట 400 విధాలుగా, ఇరుపక్షాలూ రెండేసి ఎత్తులు వేసేసరికి 1,97,281 విధాలుగా చీలుతుంది. ఈ విస్తారంలో మొదటి ఎత్తు నుంచే లెక్కవేసుకుంటూ పోవడం పాతకాలపు యంత్రాలకు తలకు మించిన పని కావడంతో, మాస్టర్ల ఆటల నుంచి ఏరిన ఎత్తులను ముందుగానే ఒక పట్టికగా ఎక్కించి ఉంచే పద్ధతి ఏర్పడింది. దీనినే ఓపెనింగ్ బుక్ అంటారు. బల్లపై ఉన్న స్థితి ఆ పట్టికలో ఉన్నంతసేపు యంత్రం ఆలోచించదు, చూసి వేస్తుంది. 1967లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ తయారుచేసిన మాక్ హాక్ ప్రోగ్రాముకే ఇటువంటి బుక్ ఉండేది. ఒకే స్థితికి బుక్‌లో రెండు మూడు ఎత్తులుంటే వాటిలో ఒకదానిని చీటీ తీసినట్టు ఎంచుకొనే ఏర్పాటు కూడా చాలా ప్రోగ్రాములలో ఉంటుంది. ఇలా ఎందుకు అవసరమో క్లాడ్ షానన్ 1950 నాటి ప్రసిద్ధ పరిశోధనా పత్రంలోనే చెప్పాడు: ఒకే స్థితికి ఎప్పుడూ ఒకే ఎత్తు వేసే యంత్రాన్ని ఒకసారి ఓడించినవాడు అవే ఎత్తులు తిరిగి వేసి ప్రతిసారీ ఓడించగలడు. తొలినాటి ఇంటి చెస్ కంప్యూటర్ల యజమానులలో ఈ కిటుకు కనిపెట్టనివారు అరుదు.

బుక్ అయిపోయిన తరువాత యంత్రం రెండు పనులు చేస్తుంది. ఎత్తుకు పైఎత్తు, దానికి మరో ఎత్తు అన్న క్రమంలో ముందుకు వెతకడం మొదటిది కాగా, ఆ వెతుకులాట ఆగిన చోట కనిపించే స్థితికి ఒక అంకె కట్టడం రెండవది. ఈ అంకెను బంటు విలువలో నూరోవంతుల లెక్కన చెబుతారు, తెరపై 0.50 అని కనిపిస్తే తెలుపు అర బంటు విలువంత మెరుగ్గా ఉందని అర్థం. వెతుకులాట ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు గనుక, దానికి ఒక్క ఎత్తు అవతల పొంచి ఉన్న ప్రమాదం యంత్రానికి లేనట్టే. అమెరికన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ బెర్లినర్ దీనికి హొరైజన్ ఎఫెక్ట్, అంటే దిఙ్మండల దోషం, అని పేరు పెట్టాడు. ఓపెనింగుల విషయంలో ఈ దోషానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. ఒక బంటు నిర్మాణపు మంచిచెడ్డలు పదో ఎత్తున ఏర్పడి ముప్పయ్యో ఎత్తున గాని బయటపడకపోవచ్చు. మూడు నాలుగు ఎత్తుల లోపల తేలిపోయే కొట్లాటలో యంత్రం పొరపడదు, ఇరవై ఎత్తుల తరువాత ఫలించే పథకం దాని చూపుకు ఆనదు అన్న గమనికే ఇరవయ్యో శతాబ్దపు యంత్ర వ్యతిరేక ఓపెనింగులన్నింటికీ మూలం.

ఆ గమనిక నుంచి రెండు వేర్వేరు దారులు చీలాయి. బుక్‌లో లేని ఎత్తు వేసి యంత్రాన్ని దాని కంఠస్థ పాఠం నుంచి త్వరగా బయటికి లాగడం ఒకటి. వెతుకులాట ఎంత లోతైనా ప్రయోజనం లేని, బంట్లు ఒకదానికొకటి అడ్డుపడి మూసుకుపోయిన స్థితిని కోరి తెచ్చుకోవడం రెండోది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచుగా కనిపించే పొరపాటు. మొదటిది యంత్రపు జ్ఞాపకంపై దాడి, రెండోది దాని తెలివిపై దాడి. మొదటిదాని వల్ల మనిషి తనకు తెలిసిన విద్యను కూడా వదులుకోవలసి వస్తుంది.

లెవీ పందెం

స్కాట్లండ్ చాంపియన్ డేవిడ్ లెవీ 1968లో, పదేళ్లలోపు ఏ కంప్యూటరూ తనను మ్యాచిలో ఓడించలేదని కృత్రిమ మేధా శాస్త్రజ్ఞులతో పందెం కాశాడు. గడువు ముగిసే 1978లో టొరంటోలో, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పుట్టిన చెస్ 4.7 ప్రోగ్రాముతో తలపడి 3.5–1.5 తేడాతో పందెం నెగ్గాడు. అతని పద్ధతి చాలా నిరాడంబరమైనది: పావులను రెండు మూడు వరుసలలోనే ఒద్దికగా అమర్చుకొని, ఎదురుగా ఏ గొడవా పెట్టుకోకుండా, యంత్రం తనంతట తాను స్థితిని పాడుచేసుకొనేదాకా ఓపిక పట్టడం. పథకం లేని యంత్రానికి చేయడానికి పనేమీ లేనప్పుడు అది బంట్లను అనవసరంగా ముందుకు తోసి బలహీనమైన గడులను మిగుల్చుకొనేది.

ఈ మ్యాచిలో అందరూ చదివి తీరవలసింది లెవీ ఓడిన నాలుగో ఆట. అప్పటికి ఆధిక్యంలో ఉన్న లెవీ ఆ ఆటలో తన పద్ధతిని కావాలని పక్కనపెట్టి, నల్లపావులతో లాట్వియన్ గాంబిట్ అనే ఓపెనింగ్ ఆడాడు. ఇ4, ఇ5, గుర్రం ఎఫ్3 అన్న ఎత్తులకు ఎఫ్5 అని బంటును ఎదురుతోసి, రాజు పక్కను తెరచి, తొలి క్షణం నుంచే కొట్లాటకు దిగే ఆట అది. గాంబిట్ అంటే వేగం కోసమో దాడి కోసమో ఓపెనింగులోనే బంటును బలి ఇవ్వడం. సూటిగా లెక్కవేయగల కొట్లాటలో యంత్రం లెవీని గెలిచింది. ఒకే మనిషి, ఒకే యంత్రం, ఒకే మ్యాచి. మారింది ఓపెనింగ్ స్వభావం మాత్రమే. దీనికన్నా స్పష్టమైన ప్రయోగం ఈ విషయంలో మరొకటి దొరకదు.

కాస్పరోవ్, డీప్ బ్లూ

1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో ఐబీఎం సంస్థ యంత్రం డీప్ బ్లూతో ఆడిన తొలి ఆటలో ప్రపంచ చాంపియన్ గారీ కాస్పరోవ్ తనకు అలవాటైన సిసిలియన్ రక్షణనే ఆడాడు. యంత్రం రెండో ఎత్తుగా సి3 వేసి అలాపిన్ పద్ధతిలోకి మళ్లించడంతో, బల్ల తెరుచుకొని పావులు తిరగడానికి చోటు దొరికిన స్థితి ఏర్పడి, కాస్పరోవ్ ఓడిపోయాడు. సాధారణ టోర్నమెంటు గడియారంతో జరిగిన ఆటలో ప్రపంచ చాంపియన్ యంత్రానికి ఓడడం అదే ప్రథమం. తరువాత తెల్లపావులతో ఆడిన ఆటలలో అతను నెమ్మదైన దారులు పట్టాడు. రెండో ఆటలో కాటలన్ తరహా నిర్మాణంతో గెలిచాడు. ఆరో ఆటలో స్లావ్ నిర్మాణం నుంచి యంత్రపు పావులను మంత్రి పక్కన మూలకు నెట్టి ఊపిరాడకుండా చేసి గెలిచాడు. మ్యాచి 4–2తో అతనిదైంది.

మరుసటి సంవత్సరం మే నెలలో న్యూయార్కులో జరిగిన మ్యాచికి అతను ఈ పాఠాన్ని మరీ దూరం లాగినట్టు కనిపిస్తుంది. తన జీవితమంతా సానపెట్టుకున్న నాజ్‌డార్ఫ్ సిసిలియన్, కింగ్స్ ఇండియన్ వంటి పదునైన ఓపెనింగులను పూర్తిగా విడిచిపెట్టి, తెల్లపావులతో రేతి తరహా మెల్లని ఆరంభాలు, మూడో ఆటలో ఏకంగా మొదటి ఎత్తుగా డి3 ఆడాడు. డి3 చెడ్డ ఎత్తు కాదు, కానీ మొదటి ఎత్తు తమదైనందువల్ల కలిగే ప్రయోజనాన్ని తెల్లపావులు చేజేతులా వదులుకొనే ఎత్తు. యంత్రం బుక్ నుంచి బయటికొచ్చింది నిజమే. కాస్పరోవ్ కూడా తన బుక్ నుంచి బయటికొచ్చాడు. ఆ ఆట డ్రా అయింది.

చివరిదైన ఆరో ఆట ఓపెనింగుల చరిత్రలో ఒక అధ్యాయం. స్కోరు సమంగా ఉండగా, నల్లపావులతో కాస్పరోవ్ కారో–కాన్ రక్షణ ఎంచుకున్నాడు. ఎత్తులు ఇలా సాగాయి: ఇ4, సి6, డి4, డి5, గుర్రం సి3, బంటు ఇ4పై బంటును కొట్టడం, గుర్రం ఇ4పై తిరిగి కొట్టడం, గుర్రం డి7, గుర్రం జి5, రెండో గుర్రం ఎఫ్6, శకటు డి3, ఇ6, గుర్రం ఎఫ్3. ఇక్కడ నల్లపావులు శకటును డి6కు తేవడం ఆనవాయితీ. కాస్పరోవ్ హెచ్6 అని బంటును తోసి జి5 మీది గుర్రాన్ని బెదిరించాడు. గుర్రం వెనక్కు తగ్గలేదు. ఇ6 మీది బంటును కొట్టి బలి అయింది. పదో ఎత్తుకు నల్లరాజు డి8 గడిలో, కోట కట్టే హక్కు పోగొట్టుకొని, తన పావులకే అడ్డమై నిలిచాడు. కోట కట్టడం అంటే రాజును రెండు గడులు పక్కకు జరిపి ఏనుగును అతని అవతలికి దాటించే ఎత్తు. పందొమ్మిదో ఎత్తు తరువాత కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఒక గుర్రానికి బదులుగా దాడి తప్ప చేతికి వచ్చేది ఏమీ లేని ఇటువంటి బలిని ఆనాటి ప్రోగ్రాములు సొంత లెక్కతో ఎంచుకొనేవి కావు. యంత్రం గుర్రాన్ని వెనక్కు తీస్తుందన్న నమ్మకంతోనే కాస్పరోవ్ హెచ్6 ఆడాడని పలువురు విశ్లేషకుల అభిప్రాయం. నిజానికి గుర్రాన్ని బలి ఇచ్చే ఆ ఎత్తు యంత్రం ఆలోచించినది కాదు, బుక్‌లోనిది. డీప్ బ్లూ బుక్ తయారీలో పాల్గొన్న గ్రాండ్‌మాస్టర్లలో ఒకడైన మిగుయెల్ ఇయెస్కాస్, ఆ ఎత్తును అదే రోజు ఉదయం చేర్చామని 2009లో వెల్లడించాడు. క్షణానికి 20 కోట్ల స్థితులు తడవగల యంత్రం నిర్ణయాత్మకమైన ఆటను మనుషులు రాసిచ్చిన ఒక పంక్తితో గెలవడం, యంత్రపు తెలివికి వలవేసిన ఓపెనింగ్ దాని జ్ఞాపకానికి చిక్కడమే.

మంత్రులు లేని బల్ల, మూసుకుపోయిన బల్ల

కాస్పరోవ్ తరువాత చాంపియన్ అయిన వ్లదిమీర్ క్రామ్నిక్ 2002 అక్టోబరులో బహ్రెయిన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాముతో ఎనిమిది ఆటల మ్యాచి ఆడినప్పుడు వేరే దారి తొక్కాడు. బల్లను మూసివేయడానికి బదులు, అత్యంత బలమైన పావులైన మంత్రులను తొందరగా మార్పిడి చేసుకొని కొట్లాటకు కావలసిన ఇంధనాన్నే తీసివేశాడు. మొదటి ఆటలో నల్లపావులతో బెర్లిన్ రక్షణ ఎంచుకున్నాడు. ఇందులో ఎనిమిదో ఎత్తుకే మంత్రులు రెండూ బల్ల దిగిపోతాయి, నల్లరాజు కోట కట్టలేకపోతాడు గాని అతనిపై దాడి చేయడానికి ఎదుట ఎవరూ మిగలరు. 2000లో లండన్‌లో కాస్పరోవ్ నుంచి కిరీటం గెలుచుకున్నదీ ఈ రక్షణతోనే. బహ్రెయిన్ తొలి ఆట డ్రా కాగా, రెండో ఆటలో క్వీన్స్ గాంబిట్ నుంచి, మూడో ఆటలో స్కాచ్ ఓపెనింగ్ నుంచి తొందరగా మంత్రులను మార్చుకొని రెండూ గెలిచాడు. అయితే ఐదో ఆటలో ఒక పెద్ద పొరపాటుతో పావు పోగొట్టుకొని ఓడాడు. ఆరో ఆటలో గుర్రాన్ని ఎఫ్7 గడిలో బలి ఇచ్చి దాడికి దిగి మళ్లీ ఓడాడు. మ్యాచి 4–4తో ముగిసింది. ఆ ఆరో ఆట లెవీ నాలుగో ఆటకు పాతికేళ్ల తరువాతి పునర్ముద్రణ అని చెప్పవచ్చు.

బల్లను మూసివేసే పద్ధతికి అత్యుత్తమ నమూనా 2003 నవంబరులో న్యూయార్కులో కాస్పరోవ్ ఎక్స్‌3డి ఫ్రిట్జ్ ప్రోగ్రాముతో ఆడిన మూడో ఆట. తెల్లపావులతో అతను సెమీ–స్లావ్ తరహా స్థితిలో ఆరో ఎత్తుగా సి5 అని బంటును తోసి, ఆపై బి4, బి5, బి6 అంటూ పక్కనున్న బి బంటును ముందుకు నడిపాడు. యంత్రం ఇ5, ఇ4 ఆడి నడిమిని తనంతట తానే మూసివేసింది. పన్నెండో ఎత్తుకల్లా తెల్లబంట్లు బి6, సి5, డి4, ఇ3 గడులలో, నల్లబంట్లు బి7, సి6, డి5, ఇ4 గడులలో ముఖాముఖి బిగుసుకుపోయి, బల్ల మధ్యలో ఒక గోడ లేచింది. ఇటువంటి స్థితిలో నల్లపావులు చేయవలసింది ఒక్కటే, రాజు పక్క ఎఫ్ బంటును ముందుకు తోసి దాడి లేవదీయడం. ఎదుట పనిలేనప్పుడు ఎన్నో ఎత్తుల తరువాత ఫలించే ఆ పథకం యంత్రానికి తోచలేదు. అది పావులను అటొకసారి ఇటొకసారి కదుపుతూ ఉండగా, కాస్పరోవ్ మంత్రి పక్క ఎ5 బంటును కొట్టి తాపీగా ఒత్తిడి పెంచాడు. నలభై అయిదో ఎత్తున యంత్రాన్ని నడుపుతున్నవారు ఓటమి ఒప్పుకున్నారు. అదే మ్యాచి రెండో ఆటలో మాత్రం కాస్పరోవ్ ఒక్క పొరపాటుతో ఓడడం వల్ల ఫలితం 2–2 అయింది.

ఒకే సూత్రం అన్నిచోట్లా పనిచేస్తుందని అనుకోకుండా ఉండడానికి అదే సంవత్సరం ఆరంభంలో కాస్పరోవ్ డీప్ జూనియర్ ప్రోగ్రాముతో ఆడిన తొలి ఆటను కూడా చూడాలి. సెమీ–స్లావ్‌లో ఏడో ఎత్తుగా జి4 అనే దూకుడు ఎత్తు వేసి, ఇంట్లో సిద్ధం చేసుకున్న దారిలో నడచి, 27 ఎత్తులలో గెలిచాడు. పదునైన ఓపెనింగ్ యంత్రంపై ఎప్పుడూ తప్పు కాదు. ముందే లోతుగా సిద్ధం చేసుకోనప్పుడు తప్పు.

ఇంటర్నెట్‌లో ఆడే బ్లిట్జ్ ఆటలలో ఈ యుగానికి ఒక విచిత్రమైన ముగింపు కనిపిస్తుంది. 2008లో అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా మూడు నిమిషాల ఆటలో రిబ్కా అనే ఇంజన్‌పై, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాముపై, బల్లను పూర్తిగా మూసివేసి, ఏనుగులను గుర్రం, శకటు వంటి చిన్న పావులకు ఇచ్చివేసి, ఊరికే ఎత్తులు వేస్తూ కూర్చున్నాడు. బంటు కదలకుండా, పావు కొట్టకుండా 50 ఎత్తులు గడిస్తే ఆట డ్రా అవుతుంది. పావుల లెక్కలో తనదే పైచేయి అనుకున్న యంత్రం డ్రా కాకుండా ఉండాలని ఒక బంటును తోసి తన గోడను తానే పగలగొట్టుకొని ఓడింది. ఆట 270 ఎత్తులు దాటింది.

న్యూరల్ నెట్‌వర్కుల తరువాత

న్యూరల్ నెట్‌వర్కులు రాకముందే, 2005 జూన్‌లో లండన్‌లో హైడ్రా యంత్రం ఇంగ్లండ్ అగ్రశ్రేణి గ్రాండ్‌మాస్టర్ మైకేల్ ఆడమ్స్‌ను 5.5–0.5తో ఓడించింది, 2006లో బాన్‌లో క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ చేతిలో 4–2తో ఓడాడు. బాన్ మ్యాచిలో యంత్రం బుక్ నుంచి ఆడుతున్నంతసేపు ఆ బుక్ తెరను చూసే హక్కు క్రామ్నిక్‌కు ఇచ్చినా ఫలితం మారలేదంటే, ఓటమికి కారణం ఓపెనింగ్ జ్ఞాపకం కాదని తెలుస్తుంది. రెండో ఆటలో అతను ఒక్క ఎత్తులో ఆటకట్టు అయ్యే బెదిరింపును చూడక ఓడాడు. యంత్రంతో నాలుగైదు గంటలు కూర్చొనే మనిషికి ఓపెనింగ్ ఎంత రక్షణ ఇచ్చినా, ఏకాగ్రత చెదిరే ఒక్క నిమిషానికి అది అడ్డుపడలేదు.

2017 డిసెంబరులో డీప్‌మైండ్ సంస్థ ప్రకటించిన ఆల్ఫాజీరో, మనుషుల ఆటలను గాని ఓపెనింగ్ బుక్‌ను గాని చూడకుండా, కేవలం తనతో తాను ఆడుకొని నేర్చుకొని, స్టాక్‌ఫిష్ 8 అనే ఇంజన్‌పై నూరు ఆటలలో 28 గెలిచి 72 డ్రా చేసింది. స్థితికి అంకె కట్టే పనిని మనుషులు రాసిన సూత్రాలకు బదులు కోట్ల ఆటల నుంచి నేర్చిన న్యూరల్ నెట్‌వర్కుకు అప్పగించడం ఇందులోని కీలకం. స్టాక్‌ఫిష్ కూడా 2020 సెప్టెంబరులో 12వ రూపం నుంచి ఈ పద్ధతిని తన వెతుకులాటతో కలుపుకుంది. దీనితో బల్లను మూసివేసే ఓపెనింగుల కాలం దాదాపు ముగిసింది. మూసుకుపోయిన స్థితిలో ఏ పక్కన చోటు ఎక్కువుందో, ఏ బంటును ఎప్పుడు తోయాలో ఈ యంత్రాలు ముందుగానే పసిగడతాయి. పూర్తి బలంతో నడిచే నేటి ఇంజన్‌పై గెలిపించే ఓపెనింగ్ ఏదీ లేదు. స్టోన్‌వాల్, హిప్పొపొటమస్ వంటి బంటు గోడలను యంత్రాలకు మందుగా ఇప్పటికీ సిఫారసు చేసే పాత పుస్తకాలను ఆ కాలపు చరిత్రగా చదవడమే మేలు.

బలం తగ్గించిన ప్రత్యర్థి

సాధారణ ఆటగాడు ఫోనులోనో వెబ్‌సైటులోనో ఎదుర్కొనేది ఈ పూర్తిబలపు యంత్రాన్ని కాదు, ఏదో ఒక స్థాయికి బలం తగ్గించిన రూపాన్ని. ఓపెనింగ్ ఎంపికకు ఇప్పటికీ ఫలితం ఉన్నది ఇక్కడే. బలం తగ్గించే పద్ధతులు ప్రధానంగా మూడు ఉండగా, ఒక్కొక్కటి ఒక్కో రకం బలహీనతను మిగుల్చుతుంది. ఎదుటి యంత్రం ఏ రకానిదో గుర్తించకుండా ఓపెనింగ్ ఎంచుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ.

వెతుకులాట లోతును కుదించడం మొదటి పద్ధతి. రెండు మూడు ఎత్తుల వరకే చూసే యంత్రం ఆ పరిధిలో ఒక్క పావును కూడా ఊరికే వదలదు, ఒక్క చిన్న ఉచ్చులోనూ పడదు, కానీ ఆరు ఎత్తుల తరువాత వచ్చే ప్రమాదం దాని ఊహకు అందదు. పైన చెప్పిన పాత వ్యూహాలన్నీ దీనిపై చెక్కుచెదరకుండా పనిచేస్తాయి. తెల్లపావులతో కింగ్స్ ఇండియన్ ఎటాక్ ఇందుకు బాగా నప్పుతుంది: గుర్రం ఎఫ్3, జి3, శకటు జి2, కోట, డి3, గుర్రం డి2, ఇ4 అన్న ఏర్పాటు నల్లపావులు ఏం చేసినా ఇంచుమించు ఒకేలా సాగి, తరువాత ఇ5తో నడిమిని మూసి రాజు పక్కకు పావులను ఒక్కొక్కటిగా తరలించే వీలిస్తుంది. డి4, శకటు ఎఫ్4, ఇ3, సి3 అమరికతో నడిచే లండన్ పద్ధతి కూడా ఇదే కోవకు చెందినది. నల్లపావులతో ఫ్రెంచ్ రక్షణలో తెల్లబంటు ఇ5కు వచ్చి ఆగే అడ్వాన్స్ పద్ధతి ఇటువంటి మూసిన నడిమినే ఇస్తుంది. ఇటువంటి యంత్రంపై మూడు నాలుగు ఎత్తులలో ఆటకట్టు చేయాలని మంత్రిని తొందరగా బయటికి తెచ్చే పద్ధతి శుద్ధ దండుగ. అది చూడగలిగే దూరమే అది.

రెండో పద్ధతిలో యంత్రం పూర్తి బుర్రతోనే ఆలోచిస్తుంది, కానీ తనకు తోచిన మంచి ఎత్తులలో నుంచి అప్పుడప్పుడు తక్కువ రకం ఎత్తును యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. స్టాక్‌ఫిష్‌లో 0 నుంచి 20 వరకు ఉండే నైపుణ్య స్థాయిలు ఈ సూత్రంపైనే నడుస్తాయి. కనీసం నాలుగు ఎత్తులను పరిశీలించి, స్థాయి తగ్గేకొద్దీ మరింత చెడ్డదానిని ఎంచుకొనే అవకాశం పెంచుతుంది. ఇటువంటి ప్రత్యర్థి పది ఎత్తులు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి పదకొండో ఎత్తున కారణం లేకుండా ఏనుగును వదిలేస్తుంది. ఆ తప్పు ఏ రకమైన స్థితిలో జరుగుతుందన్నది ఓపెనింగ్‌తో పెద్దగా ముడిపడి ఉండదు గనుక, దీనిపై ప్రత్యేక వ్యూహం అనవసరం. ఇటాలియన్, క్వీన్స్ గాంబిట్, కారో–కాన్ వంటి నికరమైన ఓపెనింగ్ ఏదైనా ఎంచుకొని, బలులకు పోకుండా, అది పావు వదిలే క్షణం కోసం కాచుకొని ఉంటే చాలు. దీనిపై గెలుపు ఓపెనింగ్ అవగాహనకు రుజువు కాదన్న సంగతి మరవకూడదు. చాలామంది ఆటగాళ్లు ఇటువంటి యంత్రంపై గెలిచిన ఓపెనింగులను మంచివని నమ్మి, క్లబ్బు ఆటలలో అవే ఆడి దెబ్బ తింటారు.

మూడోది మనుషుల తప్పులను అనుకరించే పద్ధతి. కార్నెల్, టొరంటో విశ్వవిద్యాలయాలు, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు 2020లో విడుదల చేసిన మాయా ఇంజన్, ఉత్తమ ఎత్తును వెతకడానికి బదులు ఫలానా రేటింగ్ గల మనిషి ఇక్కడ ఏ ఎత్తు వేస్తాడో ఊహించి అదే వేస్తుంది. 1100 నుంచి 1900 వరకు రేటింగులకు విడివిడిగా దీని రూపాలున్నాయి. మనుషులు పడే ఉచ్చులలో ఇది కూడా పడుతుంది గనుక, మనుషులపై పనిచేసే ఓపెనింగులే దీనిపైనా పనిచేస్తాయి. ఇటాలియన్‌లో గుర్రాన్ని జి5కు దూకించి ఎఫ్7 బంటుపై రెండు పావులు గురిపెట్టే దాడి, ఎవాన్స్ గాంబిట్, స్మిత్–మోరా గాంబిట్ వంటివి తక్కువ రేటింగ్ రూపాలపై చక్కని ఫలితాలిస్తాయి. టోర్నమెంటుకు సాధన చేసేవారికి ఈ మూడింటిలో నిజంగా అక్కరకొచ్చే ప్రత్యర్థి ఇదే.

గెలుపు కాక నేర్చుకోవడమే లక్ష్యమైతే ఎంపిక తలకిందులవుతుంది. యంత్రానికి ఏది చేతకాదో అది కాక, ఆటగాడికి ఏది చేతకాదో అది ఎంచుకోవాలి. తెల్లపావులతో ఒక ఓపెనింగ్, నల్లపావులతో ఇ4కు ఒకటి, డి4కు ఒకటి, మొత్తం మూడింటిని నిర్ణయించుకొని, మొదటి ఎత్తు నుంచి కాక ఓపెనింగ్ ముగిసిన స్థితిని బల్లపై పెట్టి అక్కడి నుంచి యంత్రంతో ఆడడం, తరువాత పావుల రంగు మార్చి అదే స్థితిని ఎదుటి పక్క నుంచి ఆడడం శిక్షకులు సిఫారసు చేసే పద్ధతి. ఇక్కడ ఇంజన్ చూపే అంకెను అతిగా నమ్మడం వల్ల నష్టం ఎక్కువ. కింగ్స్ ఇండియన్ రక్షణను ఇంజన్లు చాలాకాలంగా చిన్నచూపు చూస్తున్నాయి. ఆ అర బంటు తేడాను గెలుపుగా మార్చగల శక్తి 1500 రేటింగ్ ఆటగాడికి ఉండదు, ఆ స్థితిలో రాజుపై దాడి చేయడమెలాగో మాత్రం ఇద్దరికీ సులభంగా అర్థమవుతుంది. తెలుగు కుటుంబంలో చెన్నైలో పుట్టి 2024లో ప్రపంచ చాంపియన్ అయిన దొమ్మరాజు గుకేశ్, గ్రాండ్‌మాస్టర్ స్థాయికి ఎదిగేదాకా ఇంజన్లను దాదాపు ముట్టుకోకుండానే కోచ్ విష్ణు ప్రసన్న వద్ద శిక్షణ పొందాడు. ఆ కిరీటపు మ్యాచికి ఓపెనింగులు సిద్ధం చేసిన బృందంలో గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. ఆ స్థాయి సన్నాహంలో ఇంజన్ లేకుండా ఒక్క అడుగు పడదు. ఇంజన్‌ను ఏ వయసులో, ఏ బలం వచ్చాక చేతికివ్వాలన్న దానిపై శిక్షకులలో ఏకాభిప్రాయం లేకున్నా, సొంత తీర్పు ఏర్పడకముందే అంకెలకు అలవాటుపడిన పిల్లలు ఓపెనింగ్ దాటగానే దిక్కుతోచక నిలబడడం తరచుగా చూసేదే.

యంత్రాల మధ్య ఓపెనింగ్

ఇంజన్లు తమలో తాము ఆడేటప్పుడు సమస్య మరో రూపం తీసుకుంటుంది. సొంతంగా ఎంచుకోనిస్తే అవి బెర్లిన్ వంటి అతి భద్రమైన దారులు పట్టి దాదాపు ప్రతి ఆటనూ డ్రాగా ముగిస్తాయి. అందుకే 2010లో మొదలైన టిసిఇసి ఇంజన్ల పోటీలో నిర్వాహకులే ఒక పక్కకు కావాలని కొంత ఇబ్బందికరమైన ఓపెనింగులను నిర్ణయించి, ఒక్కొక్క దానిని రంగులు మార్చి రెండు ఇంజన్ల చేత చెరొకసారి ఆడిస్తారు; తెల్లపావులతో గెలిచి నల్లపావులతో నిలబెట్టుకున్న ఇంజన్‌కు ఆధిక్యం దక్కుతుంది. మనుషులు పక్కన పెట్టిన కింగ్స్ గాంబిట్, పదునైన బెనోనీ వంటి ఓపెనింగులపై అత్యంత లోతైన విశ్లేషణ ఇప్పుడు ఈ ఆటల నుంచే పుడుతోంది.

ఓపెనింగ్ జ్ఞాపకాన్ని ఇరుపక్షాలకూ ఒకేసారి రద్దుచేసే మార్గాన్ని బాబీ ఫిషర్ 1996లో బ్యూనస్ ఎయిరిస్‌లో ప్రకటించాడు. బంట్లు యథాస్థానంలో ఉండగా వెనుక వరుస పావులను 960 అమరికలలో ఏదో ఒకదానిలో చీటీ తీసి నిలిపే ఈ ఆటను చెస్960 అంటారు. చాలా ప్రోగ్రాములలో దీనిని ప్రత్యర్థి ఎంపికతో పాటే ఎంచుకొనే వీలుంది. ఇందులో కంప్యూటరుకు బుక్ ఉండదు, మనిషికీ ఉండదు. మొదటి ఎత్తు నుంచే ఇద్దరూ లెక్కవేయవలసి రావడం వల్ల బలం తగ్గించిన యంత్రాల లోపాలు మామూలు ఆటలో పదిహేనో ఎత్తున బయటపడేవి ఇక్కడ నాలుగో అయిదో ఎత్తుకే కనిపిస్తాయి.